ఇంగ్లీషులో ‘జస్ట్’: ఏ అర్థం ఎప్పుడు, వాక్యంలో ఎక్కడ

ఇంగ్లీషు రాదని చెప్పేవాళ్ల నోట కూడా రోజూ వినిపించే మాట ‘జస్ట్’. ‘జస్ట్ ఇప్పుడే వచ్చా’, ‘జస్ట్ మిస్’, ‘జస్ట్ పాస్’, ‘జస్ట్ ఫ్రెండ్సే’ అని తెలుగులో ఎప్పుడో కలిపేసుకున్నాం. అయితే ఈ నాలుగింట్లో అది చేసే పని ఒకటి కాదు. మొదటిదాంట్లో కాలం గురించి చెబుతోంది, మధ్య రెండింట్లో ‘అంచుమీద’ అంటోంది, చివరిదాంట్లో ‘అంతకుమించి ఏమీ లేదు’ అంటోంది. మాట్లాడేటప్పుడు ఈ తేడాలు మనకి తెలియకుండానే తెలుస్తాయి. ఇంగ్లీషు వాక్యం రాయాల్సి వచ్చినప్పుడే చిక్కు. నిఘంటువు తీస్తే ‘కేవలం’ అని కనిపిస్తుంది. ఆ ఒక్క అర్థం పట్టుకుని ‘హి హాజ్ జస్ట్ లెఫ్ట్’ అన్న వాక్యాన్ని చదివితే ‘అతను కేవలం వెళ్లాడు’ అని వస్తుంది. అది వాక్యమే కాదు.

అందుకని అర్థాలు బట్టీ పట్టకుండా, జస్ట్ ఎదురైనప్పుడు ఏం చూడాలి, వాడాల్సి వచ్చినప్పుడు ఎక్కడ పెట్టాలి అన్నది ఒక వరసలో చూద్దాం.

మొదటి అడుగు: ఏ పని చేస్తోందో గుర్తుపట్టడం

జస్ట్‌కి ప్రధానంగా ఐదు పనులు ఉన్నాయి. ఇప్పుడే జరిగిందని చెప్పడం, అంతేనని హద్దు గీయడం, సరిగ్గా అదేనని చెప్పడం, అతి కష్టమ్మీద లేదా వెంట్రుకవాసిలో అని చెప్పడం, మాట స్వరాన్ని మార్చడం. వీటిలో మొదటి మూడూ తెలుగువాళ్లకి కొత్తవి కావు. మన ఏకారం ఆ మూడు పనులూ చేస్తుంది. ‘ఇప్పుడే’ అన్నా, ‘ఒక్కటే’ అన్నా, ‘అచ్చం అలాగే’ అన్నా చివర ఉన్నది ఆ ఏకారమే. కాబట్టి తెలుగు వాక్యంలో ఏకారం ఏ మాటమీద పడిందో చూసుకుంటే సగం పని అయిపోయినట్టే. మిగిలిన రెండు పనులకే విడిగా శ్రద్ధ పెట్టాలి.

అర్థం తేలకపోతే జస్ట్ తీసేసి దాని చోట వేరే మాట పెట్టి చూడండి. ‘ఓన్లీ’ అతికితే హద్దు. ‘ఎగ్జాక్ట్లీ’ అతికితే ఖచ్చితత్వం. ‘బేర్లీ’ అతికితే అంచు. చివర్లో ‘ఎ మొమెంట్ అగో’ చేర్చినా అర్థం మారకపోతే కాలం. ఏదీ అతక్కుండా, మాటే తీసేసినా విషయం మారకుండా స్వరం మాత్రమే మారితే అది ఐదో రకం.

ఈ మాట లాటిన్‌లోని ‘యూస్టుస్’ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ‘న్యాయమైన’ అని దాని అర్థం. ‘జస్టిస్’ కూడా ఆ కుటుంబమే. విశేషణంగా ఆ అర్థం ఇప్పటికీ ఉంది. ‘ఎ జస్ట్ డెసిషన్’ అంటే న్యాయమైన నిర్ణయం. క్రియావిశేషణంగా మొదట వచ్చిన అర్థం ‘సరిగ్గా, ఖచ్చితంగా’. ఇవాళ అందరికీ ముందు గుర్తొచ్చే ‘కేవలం’ ఆ తర్వాత చేరింది. నామవాచకం ముందు, దానికి విశేషణంగా కనిపిస్తే మాత్రం ‘న్యాయమైన’ అనే అర్థమేమో చూసుకోండి. ‘జస్ట్ లా’ అంటే న్యాయమైన చట్టం కావచ్చు, చట్టం మాత్రమే అని కూడా కావచ్చు. సందర్భమే చెప్పాలి.

రెండో అడుగు: ‘ఇప్పుడే’ అని చెప్పేటప్పుడు కాలం సరిచూసుకోవడం

‘ఇప్పుడే వచ్చాను’ అన్నదాన్ని చాలామంది ‘ఐ కేమ్ నౌ ఓన్లీ’ అంటారు. ఏకారాన్ని ఓన్లీగా మార్చడం వల్ల వచ్చిన వాక్యం ఇది. మన మధ్య అందరికీ అర్థమవుతుంది, బయటివాళ్లకి వింతగా ఉంటుంది. ‘ఐ హ్యావ్ జస్ట్ అరైవ్డ్’ లేదా ‘ఐ జస్ట్ గాట్ హియర్’ అనాలి.

ఈ రెంటిలో ఏది సరి? రెండూ సరే. బ్రిటిష్ వాడుకలో జస్ట్‌తో ప్రెజెంట్ పర్ఫెక్ట్ ఎక్కువ, అంటే ‘హ్యావ్’ లేదా ‘హాజ్’ తర్వాత జస్ట్, ఆ తర్వాత క్రియ మూడో రూపం. అమెరికన్ వాడుకలో మామూలు భూతకాలం ఎక్కువ. ‘షి హాజ్ జస్ట్ కాల్డ్’ అని బ్రిటిష్ వాళ్లు, ‘షి జస్ట్ కాల్డ్’ అని అమెరికన్లు. పరీక్షకి చదివేవాళ్లు మొదటిది అలవాటు చేసుకోవడం నయం. మన దగ్గర వ్యాకరణ పుస్తకాలు ఎక్కువగా దాన్నే సరైనదిగా చూపిస్తాయి. మాటల్లో మాత్రం రెండోది తప్పు అని ఎవరినీ సరిదిద్దకండి.

‘జస్ట్ నౌ’ విషయంలో కొంచెం జాగ్రత్త పడాలి. ‘ఇందాకే’ అనే అర్థంలో ఇది వాక్యం చివర వస్తుంది, దానితో మామూలు భూతకాలం వాడాలి. ‘ఐ సా హిమ్ జస్ట్ నౌ’ సరి. ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ జస్ట్ నౌ’ అనకపోవడం మంచిది. వర్తమానంతో వస్తే అర్థం ‘ప్రస్తుతానికి’ అవుతుంది. ‘అయామ్ బిజీ జస్ట్ నౌ’ అంటే ఈ క్షణాన తీరిక లేదు అని. దక్షిణాఫ్రికాలో ఇంకో తిరకాసు ఉంది. అక్కడ ‘ఐ విల్ డూ ఇట్ జస్ట్ నౌ’ అంటే ఇప్పుడే కాదు, కాసేపాగి చేస్తానని. ఆ ‘కాసేపు’ ఎంత అన్నదానికి హద్దు లేదు. అక్కడివాళ్లతో పనిచేసేవాళ్లు ఇది తెలుసుకుని ఉంటే టెన్షన్ తగ్గుతుంది.

నిన్న, మొన్న లాంటి మాటలతో జస్ట్ రాకూడదని కొందరు నేర్పుతారు. అది పూర్తిగా నిజం కాదు. ‘ఐ మెట్ హర్ జస్ట్ యెస్టర్డే’ అనవచ్చు. ‘నిన్ననే కలిశాను’ అని. ఇక్కడ జస్ట్ ‘నిన్న’ మీద పడింది, క్రియ మీద కాదు. రాకూడనిది ‘ఐ హ్యావ్ జస్ట్ మెట్ హర్ యెస్టర్డే’ అనే కలగూరగంప. గడిచిపోయిన సమయాన్ని పేరుపెట్టి చెప్పాక ప్రెజెంట్ పర్ఫెక్ట్ కుదరదు. నేరం జస్ట్‌ది కాదు.

జరిగినదానికే కాదు, జరగబోయేదానికీ ఇది పనికొస్తుంది. ‘ఐ వాజ్ జస్ట్ అబౌట్ టు కాల్ యూ’ అంటే నీకు ఫోన్ చేయబోతున్నాను, ఇంతలో నువ్వే చేశావు అని. ‘అయామ్ జస్ట్ కమింగ్’ అంటే బయల్దేరుతున్నా, వచ్చేస్తున్నా. గతంలో ఒకదాని వెనక ఒకటి జరిగితే ‘హాడ్ జస్ట్’ వాడాలి. ‘షి హాడ్ జస్ట్ ఫినిష్డ్ వెన్ ద లైట్స్ వెంట్ ఔట్’, ఆమె అలా ముగించిందో లేదో ఇలా దీపాలు పోయాయి.

మూడో అడుగు: ‘అంతే’, ‘మాత్రమే’ అని హద్దు గీయడం

ఇది అందరికీ తెలిసిందే. ‘జస్ట్ టు పేజెస్’ అంటే రెండే పేజీలు. ‘వి ఆర్ జస్ట్ ఫ్రెండ్స్’ అంటే స్నేహితులమే. తెలియాల్సింది చోటు. హద్దు గీసే జస్ట్‌ని ఏ మాటకి హద్దు గీస్తున్నామో సరిగ్గా దాని ముందు పెట్టాలి. తెలుగులో ఏకారం మాట చివర అంటుకుంటుంది, ఇంగ్లీషులో జస్ట్ మాట ముందు నిలబడుతుంది. చూడండి:

‘షి సెంట్ మి జస్ట్ వన్ ఫొటో’: నాకు ఒక్క ఫొటోనే పంపింది.
‘షి సెంట్ జస్ట్ మి వన్ ఫొటో’: ఒక ఫొటో నాకే పంపింది, ఇంకెవరికీ కాదు.
‘షి జస్ట్ సెంట్ మి వన్ ఫొటో’: ఇప్పుడే ఒక ఫొటో పంపింది. లేదా ఒక్కటే పంపింది. లేదా ఫొటో పంపి ఊరుకుంది, ఇంకేం చేయలేదు.

మూడో వాక్యాన్ని రాతలో వాడితే చదివేవాళ్లు ఊహించుకోవాల్సి వస్తుంది. మాటల్లో అయితే గొంతు చెబుతుంది, ‘వన్’ మీద ఒత్తి పలికితే ఒక్కటే అని. రాతలో ఒత్తు ఉండదు. కనుక సంఖ్య ముఖ్యమైతే సంఖ్య పక్కనే పెట్టండి.

‘నాట్ జస్ట్’ వస్తే వెనకే ‘బట్’ వస్తుందని ఎదురుచూడవచ్చు. ‘నాట్ జస్ట్ ఫాస్ట్ బట్ సేఫ్’, వేగమే కాదు, భద్రం కూడా. ‘జస్ట్ బికాజ్’తో మొదలయ్యే వాక్యాలకి ఒక ప్రత్యేకమైన తీరు ఉంది. ‘జస్ట్ బికాజ్ హి ఈజ్ క్వయట్ డజంట్ మీన్ హి అగ్రీస్’. మౌనంగా ఉన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు అని. మన ‘అంత మాత్రాన’కి ఇంతకంటే దగ్గరగా వచ్చే ఇంగ్లీషు మాట నాకు కనిపించలేదు.

నాలుగో అడుగు: ‘సరిగ్గా’ అనే అర్థం

‘దట్స్ జస్ట్ వాట్ ఐ నీడెడ్’, సరిగ్గా నాకు కావలసింది అదే. ‘షి ఈజ్ జస్ట్ లైక్ హర్ మదర్’, అచ్చం వాళ్లమ్మే. ‘జస్ట్ యాజ్ ఐ ఓపెన్డ్ ద డోర్’, సరిగ్గా నేను తలుపు తీసే సమయానికి. ‘జస్ట్ రైట్’ అంటే ఎక్కువా కాదు తక్కువా కాదు, కుదిరింది. పోలికల్లో ‘జస్ట్ యాజ్ గుడ్ యాజ్’ అంటే దానికి ఏమాత్రం తీసిపోనిది.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది. ‘ఇట్స్ జస్ట్ ఎయిట్ ఓ క్లాక్’ అంటే సరిగ్గా ఎనిమిదా, ఎనిమిదే అయిందా? ఇప్పటి వాడుకలో సంఖ్య ముందు జస్ట్ వస్తే ఎక్కువమంది ‘అంతే’ అనే అర్థం తీసుకుంటారు. ఖచ్చితంగా ఎనిమిది అని చెప్పాలంటే ‘ఎగ్జాక్ట్లీ’ వాడేయండి, గొడవ ఉండదు.

ఐదో అడుగు: వెంట్రుకవాసి

ఇక్కడ ఏకారం పనికిరాదు. ‘వి జస్ట్ కాట్ ద ట్రైన్’ అంటే రైలు అందుకున్నాం, కానీ ఇంకో నిమిషం ఆలస్యమైతే పోయేదే. ఈ అర్థం స్పష్టంగా వినిపించాలంటే బ్రిటిష్ వాళ్లు ‘ఓన్లీ జస్ట్’ అని జంటగా వాడతారు. ‘కెన్’తో వస్తే ‘కనీకనపడకుండా’ లాంటి అర్థం. ‘ఐ కెన్ జస్ట్ సీ ద హిల్’ అంటే కొండ లీలగా కనిపిస్తోంది. అదే నిర్మాణం ఊహకి కూడా వాడతారు: ‘ఐ కెన్ జస్ట్ సీ హిమ్ యాజ్ ఎ టీచర్’ అంటే అతన్ని టీచరుగా కళ్లకి కట్టినట్టు ఊహించుకోగలను అని. అక్కడ లీలగా అనే అర్థమే లేదు, పూర్తిగా ఎదురు.

మనం తెలుగులో వాడే ‘జస్ట్ పాస్’ని యథాతథంగా ఇంగ్లీషులోకి తీసుకెళ్లకండి. ‘హి జస్ట్ పాస్డ్’ అంటే అత్తెసరు మార్కులతో గట్టెక్కాడనీ కావచ్చు, ఇప్పుడే పాసయ్యాడనీ కావచ్చు. అమెరికన్ చెవికైతే ‘ఇప్పుడే పోయాడు’ అని కూడా వినిపించవచ్చు, ఎందుకంటే అక్కడ ‘పాస్డ్’ అంటే కన్నుమూయడం కూడా. ‘హి బేర్లీ పాస్డ్’ అనో ‘హి స్క్రేప్డ్ త్రూ’ అనో అంటే ఏ ప్రమాదమూ లేదు. ప్రమాదం తప్పినప్పుడు మనం అనే ‘జస్ట్ మిస్!’కి ఇంగ్లీషులో ‘దట్ వాజ్ క్లోజ్!’ అంటారు. వాక్యంగా చెప్పాలంటే ‘ద కార్ జస్ట్ మిస్డ్ హర్’, కారు ఆమెకి తగలబోయి తప్పింది.

కొలతల్లో ‘జస్ట్ అండర్’, ‘జస్ట్ ఓవర్’ చాలా ఉపయోగపడతాయి. ‘జస్ట్ అండర్ టెన్ కిలోమీటర్స్’ అంటే పది కిలోమీటర్లకి రవ్వంత తక్కువ. ‘జస్ట్ అబౌట్’ అంటే దాదాపు: ‘అయామ్ జస్ట్ అబౌట్ రెడీ’, తయారైనట్టే. ‘ఇట్ మైట్ జస్ట్ వర్క్’ అంటే పని చేసినా చేయవచ్చు, ఆశ వదులుకోనక్కర్లేదు అని.

ఆరో అడుగు: స్వరం

అసలు కష్టమంతా ఇక్కడే. ఒకే మాట ఒక చోట మాటని మెత్తబరుస్తుంది, ఇంకో చోట గట్టి చేస్తుంది.

‘కుడ్ యూ జస్ట్ సైన్ హియర్?’ అంటే ‘ఇక్కడ ఒక్క సంతకం పెడతారా’ అన్నంత మెత్తన. పెద్ద పనేం కాదులెండి అన్న భావం జస్ట్ తెస్తుంది. అదే ‘జస్ట్ సైన్ ఇట్!’ అంటే ‘ముందు సంతకం పెట్టవయ్యా’ అన్నంత విసుగు. తేడా ఎక్కడుంది? ప్రశ్నలో ‘కుడ్’, ‘కెన్’ వెనక వస్తే మెత్తన. ఆజ్ఞ మొదట్లో వస్తే ఒత్తిడి. ఆజ్ఞలన్నీ కోపంగానే ఉంటాయని కాదు. ‘జస్ట్ రిలాక్స్’ అని ధైర్యం చెప్పవచ్చు, ‘జస్ట్ ఎ మినిట్’ అని ఆగమనవచ్చు. 1988లో నైకీ కంపెనీ ఎత్తుకున్న ‘జస్ట్ డూ ఇట్’ నినాదం బలమంతా ఈ జస్ట్‌లోనే ఉంది. సాకులు వద్దు, ఆలోచనలు వద్దు, చేసెయ్ అని. జస్ట్ తీసేస్తే ‘డూ ఇట్’ అనే పొడి ఆజ్ఞ మిగులుతుంది. అయినా పైవాళ్లకీ పరిచయం లేనివాళ్లకీ రాసేటప్పుడు ఆజ్ఞ ముందు జస్ట్ పెట్టకపోవడమే క్షేమం.

విశేషణాల ముందు, క్రియల ముందు వచ్చి భావాన్ని పెంచే జస్ట్ ఇంకొకటి. ‘ఇట్స్ జస్ట్ బ్యూటిఫుల్’, ఎంత బాగుందో చెప్పలేను. ‘ఐ జస్ట్ లవ్ ఇట్’. ఇక్కడ ‘కేవలం’ అనుకుంటే అర్థం తలకిందులవుతుంది.

‘ఇట్స్ జస్ట్ దట్’ అన్నది మొహమాటపు అభ్యంతరం. ‘ఐ లైక్ ద ప్లాన్. ఇట్స్ జస్ట్ దట్ వి డోంట్ హ్యావ్ టైమ్’. ప్లాన్ బాగానే ఉంది, కాకపోతే టైమ్ లేదు. మన ‘కాకపోతే’ చేసే పనే ఇది.

ఇక ‘ఊరికే’. ‘ఎందుకడిగావు?’ అంటే ‘ఏం లేదు, ఊరికే’ అంటాం. దీన్ని మనవాళ్లు ‘జస్ట్ లైక్ దట్’ అంటారు. భారతీయ ఇంగ్లీషులో ఇది స్థిరపడిపోయింది, ఇక్కడ వాడితే తప్పు పట్టేవాళ్లు లేరు. బయట మాత్రం ‘జస్ట్ లైక్ దట్’ అంటే ‘అలా ఉన్నపళంగా’, ‘చిటికెలో’ అని. ‘హి క్విట్, జస్ట్ లైక్ దట్’ అంటే ఉన్నపళంగా మానేశాడు. ఊరికే అడిగానని చెప్పాలంటే ‘జస్ట్ ఆస్కింగ్’ లేదా ‘నో రీజన్’ అనండి. ఊరికే చూస్తున్నానని చెప్పాలంటే ‘జస్ట్ లుకింగ్’.

ఏడో అడుగు: వాక్యంలో చోటు, ‘నాట్’తో సంబంధం

చోటు నియమం చిన్నదే. క్రియతో కలిసే జస్ట్ ప్రధాన క్రియకి ముందు వస్తుంది. సహాయక క్రియ ఉంటే దాని తర్వాత. ‘ఈజ్’, ‘యామ్’, ‘ఆర్’ లాంటివి ఉంటే వాటి తర్వాత. హద్దు గీసేదైతే ఇందాక చెప్పినట్టు ఆ మాట పక్కన.

‘నాట్’ వచ్చేసరికి ముందా వెనకా అన్నదాన్ని బట్టి అర్థమే మారుతుంది. ‘ఐ జస్ట్ డోంట్ అండర్‌స్టాండ్’ అంటే ఎంతకీ అర్థం కావడం లేదు. ‘ఐ డోంట్ జస్ట్ అండర్‌స్టాండ్, ఐ అగ్రీ’ అంటే అర్థం కావడమే కాదు, ఒప్పుకుంటున్నాను కూడా. మొదటిదాంట్లో జస్ట్ లేదన్న మాటని గట్టి చేసింది. రెండోదాంట్లో ‘నాట్’ వెళ్లి జస్ట్‌నే కొట్టేసింది. ‘నాట్ జస్ట్ యెట్’ అంటే ఇంకా కాదు, కాసేపాగు అని.

పలుకుబడి గురించి ఒక మాట. వేగంగా మాట్లాడేటప్పుడు తర్వాత హల్లు వస్తే చివరి టకారం వినిపించదు: ‘జస్ నౌ’, ‘జస్ లుకింగ్’. అచ్చు వస్తే ఉంటుంది: ‘జస్ట్ ఆస్క్’. వినేటప్పుడు ఇది తెలియక చాలామంది మాట జారవిడుచుకుంటారు.

ఎనిమిదో అడుగు: రాశాక కత్తిరించడం

ఆఫీసు మెయిళ్లలో జస్ట్ పేరుకుపోతుంది. ‘జస్ట్ చెకింగ్’, ‘జస్ట్ వాంటెడ్ టు ఆస్క్’, ‘జస్ట్ ఎ రిమైండర్’. ఇది మొహమాటంగా, బలహీనంగా వినిపిస్తుందని పూర్తిగా మానేయమనేవాళ్లు ఉన్నారు. నేను అంతదూరం పోను. గుర్తుచేయడం లాంటి ఇబ్బందికరమైన పనిని ఒక జస్ట్ సులువు చేస్తుంది. ఒకే మెయిల్లో మూడు కనిపిస్తే రెండు తీసేయండి. మీకు న్యాయంగా రావలసినదాన్ని అడిగేటప్పుడు మాత్రం అది కూడా వద్దు. పరిశోధన వ్యాసాల్లో, దరఖాస్తుల్లో ‘ఓన్లీ’, ‘రీసెంట్లీ’, ‘ఎగ్జాక్ట్లీ’ వంటి ఒకే అర్థమున్న మాటలు వాడితే చదివేవాళ్లకి పని తగ్గుతుంది.

ఇక సాధనకి ఐదు వాక్యాలు. జవాబులు చూడకముందు పైన చెప్పినట్టు వేరే మాట పెట్టి చూడండి.

‘హి హాజ్ జస్ట్ సోల్డ్ ద హౌస్.’ ఇల్లు ఇప్పుడే అమ్మాడు. ‘హాజ్’, మూడో రూపం కలిసి ఉన్నాయి కాబట్టి కాలమే.

‘దిస్ బాక్స్ ఈజ్ జస్ట్ ద రైట్ సైజ్.’ సరిగ్గా కావలసినంత. ‘ఎగ్జాక్ట్లీ’ అతుకుతుంది.

‘టేక్ ఎన్ అంబ్రెల్లా, జస్ట్ ఇన్ కేస్.’ వాన వచ్చినా రావచ్చు, ఎందుకైనా మంచిది. ఇది జంటమాట, విడదీసి అర్థం చెప్పుకోనక్కర్లేదు.

‘ఇట్స్ జస్ట్ యాజ్ వెల్ యూ కాల్డ్.’ నువ్వు ఫోన్ చేయడమే మంచిదైంది. ఇదీ జంటమాటే, పోలికలో వచ్చే ‘జస్ట్ యాజ్’ కాదు.

‘హి జస్ట్ రెడ్ వన్ పేజ్.’ దీనికి ఒక్క జవాబు లేదు. ఇప్పుడే చదివాడనాలంటే ‘హి హాజ్ జస్ట్ రెడ్ ఎ పేజ్’ అని, ఒక్క పేజీయే చదివాడనాలంటే ‘హి రెడ్ జస్ట్ వన్ పేజ్’ అని రాయాలి.